గోడ మీద వారం రోజులు

మంచు కరిగి, బండ్లు జారకుండా రోడ్ల మీద చల్లిన ఉప్పును వానలు కడిగేశాక, మే నెలలో ఒక ఆదివారం ట్రక్కును బయటికి తీస్తాను. రెజైనా వీధులు దాటి హైవే ఎక్కేటప్పుడు ఇంజిన్ గొంతు పెరుగుతూ పోతుంది. సీటు అడుగున మొదలైన అదురు స్టీరింగ్ పట్టుకున్న వేళ్లదాకా వస్తుంది. వేగం ఎనభై దాటాక కాళ్ల కింద ఎక్కడో ఒక మెత్తని కుదుపు తెలుస్తుంది. అంతే, ఇంజిన్ గొంతు దిగిపోతుంది. పెళ్లి పందిట్లో బ్యాండు వాళ్లు ఆపేయగానే పక్కవాళ్ల మాటలు బయటపడినట్టు, గాలి చప్పుడూ, టైర్ల చప్పుడూ, పక్క సీట్లో కృపా ఆంటీ ఎప్పుడు మొదలుపెట్టారో తెలియని కబురూ ఒక్కొక్కటిగా వినిపిస్తాయి.

ఆ కుదుపు ఓవర్‌డ్రైవ్ గేరు పడిందనడానికి గుర్తు. మామూలు టాప్ గేరులో ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే, వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టు కూడా ఒక చుట్టే తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజిన్ ముప్పావు చుట్టు తిరిగేసరికే షాఫ్టు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అంటే అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరుగుతుంది, తక్కువ అరుస్తుంది. ఈ నాలుగు వాక్యాలు అర్థం కావడానికి నాకు ఒక చలికాలం పట్టింది. ఆ చలికాలం నాకిచ్చినవారు ప్రభుదాస్ అంకుల్. ఈ ట్రక్కు ఆయనది. కృపా ఆంటీ ఆయన భార్య. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయనను చూడని వాళ్లకు ఆయన ఎలాంటివారో చెప్పాలంటే, గ్యారేజ్ గోడకు మేకుతో కొట్టిన ఒక అట్టముక్క గురించి చెప్పాలి.

నేను నంద్యాలలో బీకాం చదివి, కెనడాలో టొరంటో పక్కనున్న ఒషావాకి సప్లై చైన్ డిప్లొమా చదవడానికి వచ్చాను. స్టూడెంట్లు వెల్లువలా వస్తున్న సంవత్సరాలవి. విమానంలో ముందు వరుస నుంచి చివరి వరుస దాకా మా వయసు వాళ్లే కనిపించారు. ఒక బేస్‌మెంట్ గది ఖాళీ అయిందంటే సాయంత్రానికల్లా పది మంది ఫోన్ చేసేవాళ్లు. కరీంనగర్ నుంచి వచ్చిన స్వప్నా, నేనూ అలా ఫోన్ చేసిన పదిమందిలోని వాళ్లమే. తలుపు తీసిన పెద్దాయన మమ్మల్ని ఏ కాలేజీ, ఏ కోర్సు అని అడగలేదు. “బూట్లు గ్యారేజ్‌లో విడవండమ్మా. అన్నం తిన్నారా?” అని అడిగారు. గుడివాడ దగ్గరి నుంచి యువకుడిగా వచ్చి, కార్ల ఫ్యాక్టరీ అసెంబ్లీ లైన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆంటీ ఒక వృద్ధాశ్రమంలో అన్నేళ్లూ నైట్ డ్యూటీలు చేశారు. ఆయన ఇంటికి వచ్చే వేళకు ఆవిడ బయల్దేరేవారట. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు. ఇల్లు మిగిలింది, గ్యారేజ్‌లో ట్రక్కు మిగిలింది.

వారానికి మూడు రోజులు క్లాసులు అయ్యాక వేర్‌హౌస్ షిఫ్టు మొదలయ్యేదాకా నాకు నాలుగు గంటలు ఖాళీ ఉండేది. ఇంటికి వెళ్లి రావడానికి బస్సులు కుదరవు. ఊరి లైబ్రరీ వెచ్చగా ఉండేది, ఎవరూ లేవమనేవాళ్లు కాదు. హీటర్‌కి దగ్గరగా ఉన్న కుర్చీ ఆటోమొబైల్ పుస్తకాల బీరువా పక్కన ఉండేది. నా చదువుకి అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు. మొదట బొమ్మలు చూశాను, తరువాత బొమ్మల కింద అక్షరాలు చదివాను, తరువాత మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. నాకు ఇంజనీరింగ్ పట్టా లేదు, ఉన్నది లైబ్రరీ కార్డు. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

మా ఫ్రీజర్ అర కూడా గ్యారేజ్‌లోనే ఉండేది. ఒక మధ్యాహ్నం బఠాణీల ప్యాకెట్ కోసం వెళితే, ట్రక్కు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి. “ఎవరో గానీ, ఆ అర అంగుళం పానా ఇటు అందియ్యి” అని గొంతు వినిపించింది. అందించి, ఊరుకోకుండా అడిగాను.

“అంకుల్, దీనికి గేర్లు మూడేనా?”

కాళ్లు కదలడం మానేశాయి. “మూడే. నీకెవరు చెప్పారు?”

“పుస్తకంలో చదివాను. ఆ కాలం ఆటోమేటిక్ బండ్లకి మూడే ఉండేవంట.”

“ఏ పుస్తకం?”

“లైబ్రరీది.”

ఆయన చక్రాల పలక మీద దొర్లుకుంటూ బయటికి వచ్చి, పడుకునే నా వైపు చూశారు. “మా పిల్లలిద్దరూ ఈ బండి పక్కనే పెరిగారు. ఒక్కరోజు గేర్లెన్ని అని అడగలేదమ్మా” అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు మారిపోయింది. “ఏం లైబ్రరీ, ఈరోజు పుస్తకం ఏమంది?” అనేవారు మెట్ల మీద ఎదురైనప్పుడల్లా.

అది నీలిరంగు పాత పికప్ ట్రక్కు. నేను పుట్టడానికి పాతికేళ్ల ముందు తయారైంది. దాని ఇంజిన్‌ను ఆయన చాలా చలికాలాలు కూర్చుని మళ్లీ కట్టారు. కట్టడం పూర్తయ్యేసరికి అది ఐదు వందల హార్స్‌పవర్ రాక్షసి అయింది. శక్తి పెరిగింది గానీ గేర్లు పాతవే మూడు. హైవే మీద నూటపదిలో వెళితే ఇంజిన్ నిమిషానికి మూడువేల రెండువందల చుట్లు తిరుగుతూ మొత్తుకునేది. అక్కడే ఆంటీకీ ఆయనకూ పేచీ వచ్చింది. ఆగస్టులో రెజైనాలో ఆంటీ చెల్లెలు కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటున్నారు. నాలుగు రోజుల ప్రయాణం, ఇద్దరే, తమ ట్రక్కులో వెళ్లాలని అంకుల్ కోరిక. ఆంటీ ఒప్పుకోలేదు.

“నేను ఫ్లైట్‌లో పోతాను, మీరు మీ బండిలో రండి” అన్నారు ఆవిడ ఒక శనివారం చేపల పులుసు వడ్డిస్తూ, మా ముందే. “పోయినసారి కింగ్‌స్టన్ దాకా తీసుకెళ్లారు. నేనొక మాటంటే ‘ఆఁ?’ అంటారు. మళ్లీ అంటే మళ్లీ ‘ఆఁ?’. ముప్పై ఏళ్లు షిఫ్టుల వల్ల మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఈ మోత వల్ల మాట్లాడుకోకపోతే ఇంకెప్పుడండీ?”

అంకుల్ ముల్లు తీసుకుంటున్నట్టు తలవంచుకున్నారు. “మోత లేకపోతే వస్తావా?” అన్నారు.

“నేను గొంతు పెంచకుండా మాట్లాడితే మీకు వినపడాలి. అప్పుడొస్తా. జూలై దాటితే మాత్రం టికెట్ కొనేస్తా.”

మర్నాడు ఆయన నన్ను గ్యారేజ్‌కి పిలిచారు. “ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ వేయాలి. ఏది వేయాలో నువ్వు చదివి చెప్పు” అన్నారు. ఆయన వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. బయట చాలామంది నన్ను రూమ్ కోసం, షిఫ్ట్ కోసం, సంతకం కోసం నిలబడ్డ మరో స్టూడెంట్‌గానే చూస్తున్న రోజులు. నువ్వు చెప్పు అని అడిగిన మొదటి మనిషి ఆయన.

ఆయన పద్ధతి ఒకటుండేది. ఏ భాగమైనా కొనేముందు, పొద్దున్న పాలల్లో వేసుకునే సీరియల్ డబ్బా అట్ట ఒకటి చించి, దాని వెనక ఏం కొంటున్నామో, ఎందుకో రాసి గోడకు కొట్టాలి. అది వారం రోజులు అక్కడ ఉండాలి. పక్కనే పురికొసకు పెన్సిల్ వేలాడుతూ ఉంటుంది. గ్యారేజ్‌లోకి వచ్చిన వాళ్లెవరైనా చదవచ్చు, కింద ఏమైనా రాయచ్చు. బుధవారం ప్రార్థన కూడికకు వచ్చేవాళ్లంతా బూట్లు విడిచేది ఆ గోడ కిందనే. వారం తిరిగాక కూడా కారణం నిలబడితే కొనాలి. అలా ఎందుకని అడిగితే షెల్ఫ్ పైన ఉన్న ఒక పెద్ద కార్బురేటర్ చూపించారు. ఇంజిన్‌కి అది మరీ పెద్దదట, ఒక్కరోజు కూడా సరిగ్గా నడవలేదట. “దాని పేరు తొందర. రోజూ కనబడాలని అక్కడ పెట్టా” అన్నారు.

నేను చదివాను. మా ఊరి లైబ్రరీలో లేని పుస్తకాన్ని వేరే ఊరి నుంచి తెప్పించుకుని చదివాను. వెనక ఇరుసు నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో, తెలియకుండా లెక్క కుదరదని అందులో ఉంది. ఒక ఆదివారం బండి వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాం. షాఫ్టు మీద సుద్దతో గీత గీశాను. ఒక చక్రం అంకుల్, ఒక చక్రం నేను పట్టుకుని కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పాం. గీత ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టడానికి స్వప్నను కింద పడుకోబెట్టాం.

“నాలుగు సార్లు... ఇంకా జెరంత” అంది స్వప్న. “శ్రావణీ, నువ్వు చదివేది డిప్లొమానా, ట్రక్కా? రేపు ఇంటర్వ్యూల గిట్ల అడుగుతరా ఇది?”

“అడుగుతారమ్మా, అడుగుతారు” అన్నారు అంకుల్ చక్రం వదలకుండా. “అడక్కపోతే మీరే చెప్పండి.”

చివరికి నేను ఎంచుకున్నది ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్. కారణాలు అట్ట నిండా రాశాను. ఐదు వందల హార్స్‌పవర్‌కు బెదరదు. కంప్యూటర్ అక్కర్లేదు. ఆరో గేరులో ఇంజిన్ మూడువేల రెండువందల నుంచి రెండువేలకు దిగుతుంది. మిగతా వాటిలో ఏదీ అంత దింపదు. నేను చదివిన పుస్తకాలన్నీ దాన్నే మెచ్చుకున్నాయి. ఆ రెండువేలనే అంకె మీద నాకు ప్రేమ పుట్టిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. పరీక్షలో వందకు వంద వచ్చినంత సంబరంగా తీసుకెళ్లి చూపించాను. అంకుల్ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఎడమ చెయ్యి మోకాలి మీదికి వెళ్లి అక్కడే కాసేపు ఉంది. “బాగుంది. చిన్నప్పుడు మా అన్న లారీలో గేర్లు మార్చడం నేర్చుకున్నా. మళ్లీ చేతికి గేరు రాడ్డు వస్తుందన్నమాట” అన్నారు. ఆ మాటలో ఉన్న ఆశ నాకు వినిపించింది. మోకాలి మీది చెయ్యిని పట్టించుకోలేదు.

అట్టముక్క గోడకెక్కింది. బుధవారం బూట్లు విడిచినవాళ్లలో ఒకాయన “శుభం” అని రాశారు. ఇంకెవరో “మైలేజీ?” అని రాశారు, దాని కింద జవాబు రాశాను. “మాక్కూడా ఒక రైడ్” అని స్వప్న రాసింది. ఐదు రోజులు గడిచాయి. ఒక్క అభ్యంతరం రాలేదు. నేను లోపల్లోపల గెలిచేశాను.

ఆరో రోజు పొద్దున్న, కాలేజీకి వెళ్తూ బూట్ల కోసం గ్యారేజ్‌లోకి వెళితే, అట్ట అడుగున గుండ్రని తెలుగు అక్షరాలతో కొత్త వరుస ఉంది. కృపా ఆంటీ దస్తూరీ. ఫ్రీజర్‌లో నుంచి ఏదో తీసుకోవడానికి వచ్చి చదివి ఉంటారు.

“ఎడమ కాలు ఎవరిది?”

ఒక బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. నా గది సరిగ్గా ఆ ఇంటి మెట్ల కింద ఉంది. రోజూ పొద్దున్న ఆయన మేడ దిగే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. కుడి కాలు ఒక మెట్టు దిగుతుంది. ఎడమ కాలు దాని పక్కకే వచ్చి ఆగుతుంది. మళ్లీ కుడి కాలు. ప్రతి మెట్టుకూ రెండు చప్పుళ్లు. మూడు నెలలు విన్నాను. ఐదు వందల హార్స్‌పవర్‌ను పట్టి ఉంచగల క్లచ్ ఎంత గట్టిగా ఉంటుందో కూడా చదివాను, ఆ పేజీ నంబరు కూడా గుర్తుంది. టొరంటో దాటేటప్పుడు ట్రాఫిక్‌లో గంటసేపు ఎడమ కాలితో ఆ పెడల్‌ను తొక్కుతూ వదులుతూ ఉండాల్సింది ఆ మోకాలే. ఆ రెండు సంగతులూ నా తలలోనే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆ రోజు క్లాసుకి వెళ్లలేదు. అంకుల్ కాఫీ కప్పుతో గ్యారేజ్‌లోకి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఆయన అట్ట చదివి నవ్వారు.

“దొరికిపోయామమ్మా లైబ్రరీ.”

“మీకు తెలుసు కదా అంకుల్. మొదటి రోజే చెప్పచ్చు కదా.”

“తెలుసు. చెప్పబుద్ధి కాలేదు.” కప్పు వర్క్‌బెంచ్ మీద పెట్టి, ఫ్రీజర్ మూత మీద కూర్చున్నారు. “నీ అట్ట మీద నేను పాతికేళ్లవాణ్ణి. వారం రోజులు ఉండనిద్దామనుకున్నా.”

నాకు ఏడుపొచ్చింది. “సారీ అంకుల్. ఇంత చదివి అసలుది చూళ్లేదు” అన్నాను.

“చదవడం తప్పు కాదు. పుస్తకం రాసినాయన నన్ను చూళ్లేదు, నువ్వు చూశావు. ఆ పేజీ నువ్వే రాసుకోవాలి.” “ఇంకో డబ్బా ఖాళీ చేయాలి మరి. ఆ చప్పటి సీరియల్ రెండు రోజులు నువ్వే తినాలి, శిక్ష” అన్నారు.

రెండో అట్టను పుస్తకంతో మొదలుపెట్టలేదు. వంటింట్లో ఆంటీ దగ్గర కూర్చుని అడిగాను. దారిలో ఎక్కడ ఆగుతారు, ఎంతసేపు కూర్చోగలరు, ఏమంటే భయం. ఆవిడ వంకాయలు తరుగుతూ చెప్పారు. “సుపీరియర్ సరస్సు పక్క రోడ్డు మీద ఫోన్ సిగ్నల్ ఉండదంటారు. అక్కడ ఆగిపోతే ఈయన బండి కింద దూరతారు, కుంటుకుంటూ లేస్తారు. అదే నా భయం. మోత రెండోది.” అది విన్నాక దారి తేలికైంది. మాన్యువల్ వద్దు, ఆటోమేటిక్ కావాలి. నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు రెండున్నాయి. చిన్నది తేలిక, ఇంజిన్‌ను కొంచెం ఎక్కువ దింపుతుంది, కానీ దాని కేబుల్ సర్దుబాటు కాస్త తప్పినా లోపల కాలిపోతుంది. పైగా అంత శక్తికి దాన్ని గట్టిపరచాలి. రెండోది బరువులు లాగే పెద్ద ట్రక్కుల కోసం చేసినది. లావు, పొడుగు, దాన్ని నడపడానికి చిన్న కంప్యూటర్ పెట్టె కావాలి. ఇంజిన్‌ను రెండువేల నాలుగువందలకు మాత్రమే దింపుతుంది. కానీ ఈ ఇంజిన్ ఎంత తోసినా అది అలసిపోదు. పెద్దదే రాశాను. నా ప్రియమైన రెండువేలను వదులుకున్నాను. అట్ట మీద మొదటి వరుసలో గేర్‌బాక్స్ పేరు లేదు. “నడిపేది అంకుల్, ఎడమ మోకాలు నొప్పి. పక్కన ఆంటీ. సిగ్నల్ లేని రోడ్డు” అని ఉంది.

ఏడో రోజు దాని కింద “సరే” అన్న ఒక్క మాట కనిపించింది, అవే గుండ్రని అక్షరాలతో. అంకుల్ దాన్ని వేలితో తట్టి, “నీ పీఆర్ కన్నా ముందే అప్రూవల్ వచ్చింది చూడు” అన్నారు. పీఆర్ అంటే మాలాంటి వాళ్లను ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే కాగితం.

బిగించడానికి ఆరు వారాలు పట్టింది. పొడుగు పెట్టె కాబట్టి షాఫ్టును కోయించి పొట్టి చేయించాలి, కింద దాన్ని మోసే అడ్డకమ్మీని వెనక్కి జరపాలి. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసిన ఒక స్నేహితుడు బరువులెత్తాడు. నేను లైటు పట్టుకున్నాను, బోల్టులు వరుస తప్పకుండా పేర్చాను, ఒకటి పోగొట్టి రెండు గంటలు వెతికాను. అది నా జేబులోనే ఉంది. ఈ సంగతి ఆయన తరువాత ప్రతి ప్రార్థన కూడికలోనూ చెప్పారు.

జూలై మూడో వారంలో ఒక సాయంత్రం ముగ్గురం ఎక్కాం. పొడుగు సీటు. అంకుల్ స్టీరింగ్ దగ్గర, ఆంటీ మధ్యలో ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్‌తో, నేను కిటికీ పక్కన. హైవే మీదికి ఎక్కుతుంటే ఇంజిన్ ఎప్పటిలా అరిచింది. ఆంటీ ముఖం బిగుసుకుంది. డెబ్భై. ఎనభై. కాళ్ల కింద కుదుపు. గొంతు దిగింది. నూట పది దగ్గర ముల్లు నిలబడింది. ఒషావా చివరి ఇళ్లు వెనక్కి పోయాయి, పొలాలు మొదలయ్యాయి. ఆంటీ ఎదురుగా రోడ్డునే చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు, చాలా చిన్నగా అన్నారు.

“గడ్డం మళ్లీ సగమే గీసుకున్నారు.”

అంకుల్ కుడి చెయ్యి స్టీరింగ్ వదిలి చెంప మీదికి వెళ్లింది.

ఆంటీ అది చూశారు. హ్యాండ్‌బ్యాగ్ తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నారు, దూరం వెళ్లేవాళ్లు సర్దుకున్నట్టు. “పోర్ట్ హోప్ దాకా పోనివ్వండి” అన్నారు. అక్కడి నుంచి తిరిగి ఇంటికి వచ్చేదాకా ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు. నైట్ డ్యూటీల్లో తనను కూతురనుకుని రోజూ ఎదురుచూసిన ఒక ముసలావిడ గురించి చెప్పారు. “నాకెప్పుడూ చెప్పలేదే?” అన్నారు అంకుల్. “చెప్పే వేళకి మీరు నిద్రపోయేవారు” అన్నారు ఆంటీ. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టులో ఇద్దరూ రెజైనా వెళ్లి వచ్చారు. బండి ఎక్కడా ఆగలేదు. తరువాతి వేసవుల్లో కూడా వెళ్లారు. చదువయ్యాక నాకు రెజైనాలో ప్రభుత్వాఫీసులో ఉద్యోగం వస్తే, ఆంటీ చెల్లెలి ఇంటి పై గదిలోనే దిగాను. అంకుల్ పోయాక ఆంటీ కూడా ఆ ఇంటికే వచ్చేయాలని నిర్ణయించుకున్నారు. ట్రక్కును ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు అందరూ. నేను విమానంలో ఒషావా వెళ్లాను. ఆంటీ పక్కన కూర్చుంటే, నాలుగు రోజులు నేనే నడుపుకుంటూ తెచ్చాను. క్లచ్ తొక్కడం నాకు ఈనాటికీ రాదు. నేను రాసిన మొదటి అట్టే నెగ్గి ఉంటే ఆ బండి నా చేతికి వచ్చేది కాదు.

ఆ రెండు అట్టముక్కలూ ట్రక్కు డ్యాష్‌బోర్డు అరలో ఉన్నాయి. లైబ్రరీకి ఇప్పటికీ వెళ్తాను, అడిగిన పుస్తకం వేరే ఊరి నుంచి వచ్చిందని మెసేజ్ వస్తే ఇప్పటికీ అదే సంతోషం. పుస్తకం మూసేశాక మాత్రం, ఇంట్లో ఎవరి అడుగుల చప్పుడు ఎలా ఉందో ఒకసారి వింటాను. పోయిన వారం నాకు ఇక్కడికి మూడు గంటల దూరంలోని సస్కటూన్‌లో పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు. సీరియల్ డబ్బా చించి, వెళ్లడానికి కారణాలన్నీ రాసి వంటింటి గోడకు కొట్టాను. పక్కన పురికొసకు పెన్సిల్ కట్టాను. కృపా ఆంటీ రోజూ పొద్దున్నే టీ కలుపుకుంటూ కళ్లద్దాలు సర్దుకుని దాన్ని చదువుతారు. ఇంతవరకూ ఏమీ రాయలేదు. ఇంకా మూడు రోజులుంది. పెన్సిల్ చెక్కే ఉంచాను.